మేబెల్ అని పేరు పెట్టిన గొంతు

బుధవారం మధ్యాహ్నం కూడా దేవసహాయం భోజనానికి లేవలేదు.

ముందు గదిలో హార్మోనియం దగ్గరే కూర్చుని ఉన్నాడు. చెవుల్లో కూతురి ఇయర్‌ఫోన్లు, ఒళ్లో కూతురి పాత ఫోను. హార్మోనియానికి అవతల, ఆయనకు ఎదురుగా, ఒక ఖాళీ కుర్చీ. దాని మీద పాటల పుస్తకం తెరిచి పెట్టి ఉంది.

ఆ కుర్చీ ఎవరి కోసమని ఇంట్లో ఎవరూ అడగలేదు. సోమవారం పొద్దున ఆయన దాన్ని వంటగదిలోంచి మోసుకొచ్చి వేసినప్పుడే తల్లికీ కూతురికీ అర్థమైపోయింది.

"వెళ్లి నువ్వు పిలువు," అంది కాంతమణి, కంచంలో పప్పు వడ్డిస్తూ. "నేను రెండుసార్లు పిలిచాను. పలకలేదు."

హదస్సా వెళ్లి తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. ఆయన తలెత్తి చూసి, ఒక వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. గుడిలో ప్రార్థన మధ్యలో మాట్లాడిన పిల్లను వారించినట్టు.

ఆమె వెనక్కి వచ్చేసింది.

"ఇంకా అదే వింటున్నాడా?"

"అదే."

"నలభై సెకన్లు," అంది కాంతమణి. "మూడు రోజుల్నించి నలభై సెకన్లు. పొద్దున టీ రెండు కప్పులు పెట్టమన్నాడు తెలుసా? రెండోది ఎవరికండీ అంటే తీసుకెళ్లి ఆ కుర్చీ ముందు పెట్టాడు. చల్లారాక నేనే తెచ్చి పారబోశాను."

హదస్సా అన్నం కలుపుతోంది కానీ ముద్ద నోటికి వెళ్లడం లేదు. బయట మబ్బు పట్టి, పన్నెండున్నరకే మెట్టుగూడ మొత్తం సాయంత్రంలా ఉంది. లాలాగూడ రైల్వే వర్క్‌షాప్ వైపునుంచి ఏదో ఇంజను కూత వేసి ఆగిపోయింది.

"దాన్ని తీసేయ్," అంది కాంతమణి.

"ఏది?"

"అదే. ఆ గొంతు. నీ యాప్‌లోంచి, నీ ఫోన్లోంచి, అన్నిట్లోంచీ తీసేయ్. తయారుచేసింది నువ్వే కదా, తీసేయడం రాదా?"

రాకేం. ఒక్క మీట చాలు. కానీ ఆ మీట నొక్కాలంటే ముందు ఫోను తండ్రి చేతిలోంచి లాక్కోవాలి.

ఈ యాప్ మొదలైందే ఆయన కోసం. చర్చి క్వాయర్‌ను ముప్పై అయిదేళ్లుగా నడుపుతున్న మనిషి, గుడి గంట కొట్టాక కూడా పాటల నోట్‌బుక్కుల కట్టలు విప్పుకుంటూ చెమటలు కక్కడం ఆమె చిన్నప్పట్నించీ చూసింది. ఒక పాట సాహిత్యం ఒక పుస్తకంలో, దాని స్వరాలు వేరే కాగితం మీద, ఎవరు ఏ పార్టు పాడాలో ఇంకో డైరీ వెనక అట్ట మీద. రికార్డింగులైతే ట్రంకుపెట్టె నిండా క్యాసెట్లు. పాడేవాళ్లెవరైనా తమ పాటలన్నీ ఒక్కచోట సర్దుకునేలా "పాటల బీరువా" అని పేరు పెట్టి, ఏడాదిగా ఒక్కో స్క్రీను గీసింది. కళ్లద్దాలు మరచిపోయిన పెద్దవాళ్లకు కూడా కనిపించేలా పెద్ద అక్షరాలు పెట్టింది. ఏ పాట తీసినా కింద "ఎవరి గొంతు" అని ఒక అర. పాటలో ఉన్నది ఎవరి గొంతో యాప్ దానంతటదే పోల్చి చెబుతుంది.

ఆ చివరి అరే ఇప్పుడు కొంప ముంచింది.

ఆదివారం గుడినుంచి వచ్చాక, నాలుగు గంటలప్పుడు, దేవసహాయం హార్మోనియం ముందు కూర్చున్నాడు. యాప్ పరీక్ష కోసం హదస్సా ఫోను దాని మీద పెట్టి, రికార్డింగ్ ఆన్ చేసి, పాల ప్యాకెట్ల కోసం కింద షాపుకి వెళ్లింది. ఆయన పాడలేదు. ఉత్తి హార్మోనియం మీద తన సొంత పాటొకటి వాయించుకున్నాడు. "వెలుగు వాకిలి" అని ఆయనే కట్టిన పాట. చెల్లెలు మేబెల్ కోసం కట్టాడు. మేబెల్ పోయాక ఆ పాటను గుడిలో ఎవరితోనూ పాడించలేదు.

సోమవారం పొద్దున హదస్సా ఆ రికార్డింగ్ తెరిచి చూస్తే కింద రాసి ఉంది. ఇందులో ఉన్న గొంతులు: ఒకటి. మేబెల్. నలభై సెకన్లు.

మేబెల్ అత్త చనిపోయి ముప్పై ఏళ్లు. హదస్సా ఆమెను ఫోటోలో తప్ప ఎరగదు.

అప్పుడు నోరు మూసుకుని ఉండాల్సింది. "నాన్నా, ఇది చూడు" అని తీసుకెళ్లి చూపించింది తనే.

*

రెండున్నరకి వేణుమాధవ్ వచ్చాడు. యాప్‌కు రూపం హదస్సాదైతే, లోపలి పని మొత్తం అతనిది. వాళ్ల పెద్దలు విజయనగరం వైపునుంచి వచ్చినా, అతను పుట్టి పెరిగింది సీతాఫల్‌మండిలో. మాట అంతా ఇక్కడిదే.

ముందు గది గుమ్మంలో చెప్పులు విడుస్తూ దేవసహాయాన్ని చూశాడు, కుర్చీని చూశాడు.

"నమస్తే అంకుల్."

వేణుమాధవ్ ఆ కుర్చీకి దూరంగా, గోడ వారగా నడిచి లోపలికొచ్చాడు. కుర్చీలో ఎవరో కూర్చున్నట్టు తప్పుకుని నడిచానని అతనికే తర్వాత తెలిసి, మొహం ఒకలా పెట్టాడు.

"నువ్వు జెర పరేషాన్ గాకు," అన్నాడు డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ తెరుస్తూ. "మెషిన్‌కి పోయినోళ్లు, ఉన్నోళ్లు అని తెల్వదు. ఈ గొంతు, ఆ గొంతు ఒక్కటే అంటది, అంతే. మేబెల్ అని పేరు పెట్టిందెవరు?"

"నేనే. క్యాసెట్ మీద నాన్న చేతిరాత ఉంది. మేబెల్, సోలో, ఏప్రిల్ తొంభై అయిదు అని. అదే ఎక్కించాను."

"ఆ క్యాసెట్ గొంతుతోని మన ఆదివారం గొంతు ఎంత కలిసింది?"

"నూటికి తొంభై ఆరు."

ఇద్దరు వేర్వేరు మనుషుల గొంతులు పోలిస్తే అలాంటి అంకె రాదని వేణుమాధవ్‌కి తెలుసు. తల్లీకూతుళ్లయినా, కవలలైనా ఎనభై దాటడం కష్టమని పోయిన నెల ఈ టేబుల్ దగ్గరే గొప్పగా చెప్పింది అతనే.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని లాప్‌టాప్‌లోని కాపీ విన్నాడు. మొదటిసారి వింటున్నప్పుడు కాలు ఊపుతున్నాడు. రెండోసారికి కాలు ఆగింది.

"ఫ్యాన్ సౌండ్ అనుకున్న," అన్నాడు. "గాదు. ఎవరో పాడుతున్నరు. మస్తు దూరం నుంచి."

"అదే కదా చెబుతున్నాను."

"ఆ టైంకి ఇంట్ల ఎవరెవరున్నరు?"

"నాన్న. అమ్మ వంటగదిలో. నేను కింద."

వంటగదిలో నీళ్ల చప్పుడు ఆగింది. కాంతమణి గుమ్మంలోకి వచ్చి చేతులు కొంగుకి తుడుచుకుంటూ నిలబడింది.

"ఆంటీ, మీరు పాడతరా?"

"నాకు గొంతెక్కడిది బాబూ," అంది వెంటనే.

నిజమే, హదస్సా తల్లి పాడగా ఎన్నడూ వినలేదు. గుడిలో అందరూ లేచి నిలబడి పాడుతుంటే కాంతమణి పుస్తకం మూసి పట్టుకుని నిలబడేది. రిటైరయ్యేదాకా బళ్లో పాఠం చెప్పిన మనిషి, పిల్లలతో పద్యం కూడా రాగం లేకుండా చదివించేది. క్వాయర్ మాస్టరు పెళ్లానికి పాట రాదని లాలాగూడ క్వార్టర్లలో ఉన్నప్పుడు అందరూ ఆటపట్టించేవాళ్లట.

"ఊకె ఒక్క లైన్ పాడుండ్రి ఆంటీ. మ్యాచ్ గాలేదనుకో, మా యాప్‌లనే తప్పుందని తేలిపోతది. అంకుల్‌కి సుత చెప్పొచ్చు."

"రాదన్నాను కదా."

"అమ్మా, ఒక్క లైనే కదా," అంది హదస్సా.

"రాదంటే బలవంతం ఏంటే? మీ పెట్టెలో పరీక్షలకు నేనే దొరికానా?" కాంతమణి గొంతు పెరగలేదు. ఇంకా తగ్గింది. "చచ్చిపోయిన మనిషి పేరు దాంట్లో ఎక్కించింది నువ్వు. ఇవాళ ఆయన అన్నం మానేసి కూర్చుంటే, పాడు అమ్మా అంటున్నావు. ముందు దాన్ని చెరిపేయ్. తర్వాత మాట్లాడు."

"చెరిపేస్తే నాన్న ఊరుకుంటాడా?"

"ఊరుకోకపోతే ఏడుస్తాడు. ఏడ్చి అన్నం తింటాడు."

వేణుమాధవ్ లాప్‌టాప్ మూసేశాడు. ఇంటివాళ్ల మాటల మధ్య పరాయివాడు ఎంతసేపు తలొంచుకుని కూర్చుంటాడు. గుమ్మం దాకా వెళ్లి గొంతు తగ్గించి అన్నాడు.

"ఆదివారం క్వాయరోళ్ల పన్నెండు ఫోన్లల్ల యాప్ ఏస్తమన్నం. అంకుల్ రాకుంటే వాళ్లు ముట్టరు. కానీ అది గాదు నా ఫికర్. హదస్సా, ఆ గొంతు మైక్ దగ్గరికి వస్తున్నట్టుంది. షురూల దూరం ఉన్నది, ఆఖర్ల జెర దగ్గర. నువ్వు గమనించినవా?"

ఆమె గమనించింది. సోమవారమే గమనించింది. ఎవరితోనూ అనలేదు.

*

అతను వెళ్లాక వాన మొదలైంది. కాంతమణి వంటగదిలో కింద కూర్చుని గోరుచిక్కుళ్లు ఈనెలు తీస్తోంది. హదస్సా వెళ్లి ఎదురుగా కూర్చుని ఒక గుప్పెడు తీసుకుంది.

"అమ్మా, ఆ గొంతు నీదే కదా."

కాంతమణి చెయ్యి ఆగలేదు. ఇంకో నాలుగు కాయలు తీసింది.

"ఆ క్యాసెట్లో ఉన్నది నాదే," అంది చివరికి.

హదస్సా ఆ మాట కోసమే వచ్చింది. అయినా వినగానే చేతిలోని కాయ చిప్పలో వదిలేసింది. ఆమె అడిగింది ఆదివారం గొంతు గురించి. తల్లి చెబుతున్నది ముప్పై ఏళ్ల కిందటి క్యాసెట్ గురించి.

"నేను ఈ ఇంటికొచ్చేసరికి మేబెల్‌కి ఇరవై. ఇద్దరం వంట చేసుకుంటూ పాడుకునేవాళ్లం. ట్యూన్ తనది, దాని కింద నడిచే సెకండ్ పార్టు నాది. గుడిలో నేనెప్పుడూ పాడలేదు. సిగ్గు. నేను పాడతానని దానికొక్కదానికే తెలుసు. మూడో ఏడు దాని గొంతులో గడ్డ లేచింది. మాట బొంగురుపోయింది, పాట అసలు పోయింది. జలుబని చెప్పుకుంది, మీ నాన్నకి నిజం చెప్పనివ్వలేదు. అన్నయ్య తట్టుకోలేడు వదినా అనేది. ఆయనేమో పాట ముందే కట్టి దానికి నేర్పేశాడు, ఇక రికార్డు చేద్దాం రమ్మంటాడు. హార్మోనియం గోడ వైపు ఉండేది. ఆయన వీపు మా వైపు. మేబెల్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను పాడాను."

"నాన్న తిరిగి చూడలేదా?"

"వాయించేటప్పుడు ఆయన ఎవర్నీ చూడడు." కాంతమణి చిక్కుళ్ల చిప్ప పక్కకి జరిపింది. "ఆగస్టులో అది పోయింది. పోయే ముందు రోజు మాట తీసుకుంది, ఎప్పటికీ చెప్పొద్దని. ఆయన ఆ క్యాసెట్ పెట్టుకుని చెల్లెలే పాడుతోందని ఏడుస్తుంటే నేనేం చెయ్యను? ఇక నోరు విప్పి పాడితే అందరూ పోల్చేస్తారు. అందుకని మానేశాను."

ఒక పాట కోసం ముప్పై ఏళ్లు. హదస్సాకి తల్లి చేతులు పట్టుకోవాలనిపించింది. దాంతోపాటే, మూడు రోజులుగా గుండెల మీదున్న బరువు కూడా దిగిపోయింది. చచ్చినవాళ్లెవరూ రాలేదు. యాప్ తప్పు చెప్పలేదు. పేరు ఒక్కటే తప్పు.

"అంటే ఆదివారం నువ్వే పాడావు. నాన్న వాయిస్తుంటే వంటగదిలోంచి. అంతేగా? ఈ ముక్క చెప్పేస్తే పోతుంది కదమ్మా."

కాంతమణి ఆమె మొహంలోకి చూసింది.

"నువ్వు పాడుతున్నావనుకున్నాను," అంది.

"ఏంటి?"

"ఆదివారం. ముందు గదిలోంచి పాట వినిపించింది. మాటలతో సహా. క్యాసెట్ విని నేర్చుకుందేమో, నాన్న వాయిస్తుంటే పాడుతోంది అనుకున్నాను. ఎంత బాగా పాడుతోంది నా పిల్ల అనుకున్నాను. నా నోరు దానంతటదే తెరుచుకుంది. నాకు తెలియకుండానే సెకండ్ పార్టు అందుకున్నాను. పాడుతూ పాడుతూ గుమ్మం దాకా వచ్చేశాను. అప్పుడు మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. నువ్వు పైకొచ్చావు, రెండు పాల ప్యాకెట్లు పట్టుకుని."

వాన చప్పుడు ఒక్కసారిగా దగ్గరైనట్టు అనిపించింది హదస్సాకి.

"పక్కింటి టీవీ అయి ఉంటుంది," అంది.

"ఆ పాట టీవీలో రాదమ్మా."

"మరి రికార్డింగ్‌లో ఒక్క గొంతే ఉంది కదా. నీదొక్కటే."

"అందుకే చెరిపేయమన్నాను," అంది కాంతమణి. "నాకు వినిపించింది దాంట్లో ఉందో లేదో నాకు తెలుసుకోవాలని లేదు."

*

"మీ నాన్నకి చెప్పకు" అని తల్లి అంటుందనుకుంది హదస్సా. కాంతమణి అలా అనలేదు. లేచి, చీర దులుపుకుని, తనే ముందు గదిలోకి నడిచింది.

ఖాళీ కుర్చీ మీది పాటల పుస్తకం తీసి హార్మోనియం మీద పెట్టింది. ఆ కుర్చీలో కూర్చుంది.

దేవసహాయం ఉలిక్కిపడి చూశాడు. మూడు రోజుల గడ్డం, పీక్కుపోయిన కళ్లు. ఒక చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీశాడు.

"కాంతం, అక్కడ కూర్చోకు."

"మీకో మాట చెప్పాలండీ. క్యాసెట్లో పాడింది మేబెల్ కాదు. నేను. దానికప్పటికే గొంతు పోయింది. మీకు చెప్పొద్దంది. చెప్పలేదు. ఆదివారం వంటగదిలోంచి పాడింది కూడా నేనే. ఫోన్లో ఉన్నది నా గొంతు. ఇక అన్నానికి లేవండి."

ఒక్క గుక్కలో చెప్పేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తండ్రి ఏమవుతాడోనని హదస్సా గుమ్మం పట్టుకుంది.

దేవసహాయం ఫోన్లో పాట ఆపాడు.

"తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"క్యాసెట్లో నువ్వని. ఆ రోజే తెలుసు." గొంతు మూడు రోజులుగా పెద్దగా వాడకపోవడంతో గరగరలాడింది. "మేబెల్ మూడో చరణంలో రెండో మాట తర్వాత ఊపిరి తీసుకుంటుంది. దాని కోసం అక్కడ కాస్త ఆగి వాయించేవాణ్ని. ఆ రోజు ఆగాను. వెనక పాట ఆగలేదు. తిరిగి చూడబోయాను. తిరగలేకపోయాను. మీరిద్దరూ కలిసి నాకోసం దాస్తున్నారు, దాన్ని నేనెందుకు పాడుచెయ్యాలి?"

"మరి ఇన్నేళ్లూ అది పెట్టుకుని ఏడ్చారే."

"దాని కోసమూ ఏడ్చాను. నువ్వు పాడటం మానేశావని కూడా ఏడ్చాను. అడిగితే మాట తప్పినదానివవుతావని అడగలేదు."

కాంతమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముప్పై ఏళ్లు ఒకే మంచం మీద, ఒకే రహస్యాన్ని చెరోవైపు నుంచి మోసిన ఇద్దరు మనుషుల మధ్య తను నిలబడి ఉన్నానని హదస్సాకి తోచింది. లోపలికి వెళ్లిపోదామనుకుంది. కానీ తండ్రి మాటల్లో ఏదో ఇంకా మిగిలి ఉంది.

"అది నీ గొంతని తెలిస్తే," అంది కాంతమణి మెల్లగా, "మూడు రోజులుగా ఏం వింటున్నారు?"

దేవసహాయం ఫోను వైపు చూశాడు.

"నువ్వు సెకండ్ పార్టు పాడుతున్నావు కాంతం. ఒక్కదానివే సెకండ్ పార్టు ఎలా పాడతావు?"

ఆయన చెవిలోంచి తీసిన ఇయర్‌ఫోన్‌ను భార్య వైపు చాచాడు.

"అమ్మా, వద్దు," అంది హదస్సా.

కాంతమణి దాన్ని తీసుకుంది. కాసేపు అరచేతిలో పట్టుకుని, చెవిలో పెట్టుకుంది. దేవసహాయం స్క్రీన్ మీద వేలు ఆనించాడు.

హదస్సాకి ఏమీ వినిపించడం లేదు. తను గీసిన స్క్రీన్ మీద పచ్చ గీత ఒకటి ఎడమనుంచి కుడికి పాకడం మాత్రం కనిపిస్తోంది. తల్లి మొహంలో మొదట భయం, తర్వాత ఏదో వెతుక్కుంటున్న చూపు. ఆ తర్వాత కళ్లు మూసుకుంది.

పెదాలు కదిలాయి. గొంతు పెగిలింది. వయసుతో గీరుకుపోయినా తప్పటడుగు వెయ్యని గొంతు. ఇరవై ఎనిమిదేళ్లలో తల్లి పాట హదస్సా మొదటిసారి వింటోంది.

అది "వెలుగు వాకిలి" ట్యూను కాదు. దాని కింద నడిచేది. పైదానికి చోటు వదులుతూ, తగ్గుతూ, మళ్లీ దానితో కలుస్తూ సాగుతోంది. మూడో చరణంలో రెండో మాట దగ్గర కాంతమణి ఆగింది. ఎవరో ఊపిరి తీసుకునేదాకా ఆగి, మళ్లీ అందుకుంది.

దేవసహాయం కళ్లవెంట నీళ్లు కారిపోతున్నాయి. రెండో ఇయర్‌ఫోన్ కూడా చెవిలోంచి తీసేశాడు. అయినా తల ఊపుతూనే ఉన్నాడు, తాళం తప్పకుండా.

హదస్సా ఫోను వైపు చూసింది. పచ్చ గీత చివరిదాకా వెళ్లి నిలిచిపోయింది. నలభై సెకన్లు ఎప్పుడో అయిపోయాయి.

కాంతమణి పాడుతూనే ఉంది.